ముప్పై ఒక్క సెకన్ల టిక్కు

1997 జూలైలో ఒక మంగళవారం ఉదయం డాక్టర్ మల్లికార్జున రెండు కాగితాలు పట్టుకుని ఉదయగిరి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలోకి విసురుగా వచ్చాడు. లోపల దుమ్ము పడకూడదని గుమ్మం దగ్గరే చెప్పులు విప్పాలన్న నియమం ఊళ్ళో అందరికీ తెలుసు. ఆయన ఆరోజు విప్పలేదు.

"సుకుమారి గారూ, ఇది నేను ఫాక్సులో పంపించిన కాగితం. ఇది నెల్లూరులో వాళ్ళకు చేరింది. రెండూ ఒకటేనా చూడండి."

లోపల పనిచేస్తున్న టెక్నీషియన్ సుకుమారి లేచి కాగితాలు అందుకుంది. రెండూ ఒకే మనిషి ఈసీజీలు. మొదటి దాంట్లో గుండె గీత ఒకే తీరుగా లేస్తూ పడుతూ చివరిదాకా సాగింది. రెండో దాంట్లో నడిమధ్యలో ఒకచోట గీత తెగింది. కొంచెం ముక్క మాయమై, అవతల మళ్ళీ మొదలైంది.

"దుత్తలూరు దగ్గర పల్లె నుంచి చెంచమ్మ అని ఒక ముసలామె వచ్చింది, ఛాతీలో మంట అని," అన్నాడు డాక్టరు. "ఎందుకైనా మంచిదని ఈసీజీ తీసి నెల్లూరులో గుండె డాక్టరుకు పంపినాను. ఈ తెగిన గీత చూసి ఆయన హడలిపోయినాడు. వెంటనే పంపమన్నాడు. జీపులో ఆమెను వంద కిలోమీటర్లు కుదిపేసుకుంటా తీసుకుపోయినారు. ఆడ మళ్ళీ తీస్తే ఏమీ లేదు, వట్టి గ్యాసు! తిరిగొచ్చి నా మొహం మీదే అనింది, 'నా గుండె బాగుండాది నాయనా, నీ మిషనుకే జబ్బు' అని."

పక్కనే తీగలు చుట్టుకుంటున్న లైన్‌మన్ మాల్యాద్రి నవ్వాపుకోలేకపోయాడు. డాక్టరు మాత్రం నవ్వలేదు.

"ఈసారి బాగున్న మనిషిని తిప్పినాం, సరే. రేపు నిజంగా గుండె తప్పినోడి కాగితం పోతే? 'ఉదయగిరి ఫాక్సు గదా, లైను తప్పులే' అని ఆయన పక్కన పడేస్తే?"

ఆ మాట సుకుమారికి సూటిగా తగిలింది. "రెండు కాగితాలూ నా దగ్గర పెట్టిపోండి డాక్టర్ గారూ," అంది. "లైనుదో మిషనుదో నేను తేలుస్తా."

అప్పటికి ఆమెకు నలభై ఏళ్ళు. పుట్టింది ఉదయగిరిలోనే, బాప్టిస్టు చర్చి వీధిలో. ఇరవయ్యో ఏట ఆత్మకూరు ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరింది. పదిహేడేళ్ళు బోర్డు ముందు కూర్చుని, చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని, రాగి ముక్కుల తీగలు ఒక రంధ్రంలోంచి తీసి ఇంకో రంధ్రంలో గుచ్చింది. మాట మొదలుకాకముందే, అవతలివాడు ఊపిరి తీసిన తీరును బట్టి ఎవరో చెప్పేసేది. చేజర్ల లైను మీద వాన చుక్క పడితే ఆమె చెవికి ముందు తెలిసేదని తోటి ఆపరేటర్లు చెప్పుకునేవారు.

1994లో ఆత్మకూరుకు ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి వచ్చింది. బోర్డు పీకేశారు. ఆపరేటర్లను పిలిచి, ఆఫీసులో గుమాస్తా పని కావాలా, టెక్నీషియన్ ట్రైనింగు కావాలా అని అడిగారు. అందరూ కుర్చీలు కోరుకున్నారు. సుకుమారి ఒక్కతే ట్రైనింగు అడిగింది. "ఈ వయసులో నీకెందుకమ్మా ఈ సర్క్యూట్లు?" అన్నాడు హైదరాబాదులో పాఠం చెప్పే ఆయన. "పదిహేడేళ్ళు బయట నుంచి విన్నాను సార్. లోపలేం జరుగుతాదో చూడాల గదా!" అంది. పది నెలల తర్వాత నాలుగు లావు నోటుపుస్తకాలతో తిరిగొచ్చి, సొంత ఊరికి పోస్టింగు వేయించుకుంది. భర్త జోయల్ అక్కడే హైస్కూల్లో లెక్కల మాస్టారు.

1997 మార్చిలో ఉదయగిరికి కొత్త డిజిటల్ లింకు వచ్చింది. టవరు మీది రేడియో ఉదయగిరిని ఆత్మకూరుతో కలిపింది. అక్కడి నుంచి నెల్లూరు, ఆపైన దేశమంతా. ముప్పై మంది ఒకేసారి మాట్లాడవచ్చు. ట్రంకు కాలు బుక్ చేసి సాయంత్రందాకా కాచుకున్న జనం, నంబరు తిప్పగానే మద్రాసు పలుకుతుంటే రిసీవరును చెవి నుంచి తీసి వింతగా చూసుకున్నారు. ఎస్టీడీ బూతుల్లోకి ఫాక్సు మిషన్లు దిగాయి. చిక్కంతా అక్కడే మొదలైంది. మాటలు చక్కగా పోతున్నాయి. ఫాక్సుల మీద మాత్రం గీతలు పడుతున్నాయి, కొన్ని ఫాక్సులు మధ్యలోనే తెగిపోతున్నాయి. రేడియో సెక్షన్ వాళ్ళు రెండుసార్లు టవరెక్కి కొలిచి, అంతా బాగుందని రాసిచ్చి వెళ్ళిపోయారు.

డాక్టరు వెళ్ళగానే సుకుమారి ఫోనందుకుని ఆత్మకూరు టెస్టు నంబరు తిప్పింది. ఆ నంబరుకు చేస్తే ఎవరూ మాట్లాడరు. కొలతల కోసం పెట్టిన సన్నటి ఈల ఒకటి ఆగకుండా మోగుతుంది. మామూలుగా టెక్నీషియన్లు ఆ ఈలకు మీటరు తగిలించి అంకె చూసుకుని పెట్టేస్తారు. ఆమె మీటరు తగిలించలేదు. రిసీవరును చెవికి అదుముకుని, కళ్ళు మూసుకుని వింది.

ఈల. ఈల. ఈల.

టిక్.

వెంట్రుకవాసి చప్పుడు. మాటల మధ్యలో అయితే ఎవరికీ వినపడదు. ఆమె కళ్ళు తెరిచి గోడ గడియారం వైపు చూసింది. ఈల సాగుతూనే ఉంది. టిక్. ముప్పై ఒక్క సెకన్లు. మళ్ళీ టిక్. ముప్పై ఒకటి. నోటుపుస్తకం లాక్కుని రాయడం మొదలుపెట్టింది. ఇరవై టిక్కులు రాసింది. ఇరవైకి ఇరవై అదే లెక్క!

"మాల్యాద్రీ, ఇట్రా! ఇది విను."

మాల్యాద్రి చాలాసేపు విన్నాడు. "ఏందక్కా, ఈలే గదా?" అన్నాడు. తర్వాత ఉలిక్కిపడ్డాడు. "ఆఁ, ఏందో తగిలింది!"

"మళ్ళీ తగులుతాది. నేను చెయ్యెత్తినప్పుడు చూడు."

గడియారం చూస్తూ ఆమె చెయ్యెత్తింది. మాల్యాద్రి కళ్ళు ఇంతలయ్యాయి. "అక్కా! నీకెట్ట తెలిసింది?"

ఆమె అప్పుడే ఆత్మకూరుకు ఫోన్ చేసింది. ఆ ప్రాంతపు ఎక్స్ఛేంజిలన్నీ చూసుకునే ఇంజనీరు చంద్రశేఖర్ అక్కడ ఉంటాడు. మంచివాడే, కానీ మనిషొక్కడు, ఎక్స్ఛేంజిలు పదకొండు. ఆమె చెప్పిందంతా విని నిట్టూర్చాడు.

"సుకుమారమ్మా, కొండగాలికి టవరు ఊగుతా ఉంటాది. రేడియో వాళ్ళకు మళ్ళీ రాస్తాలే."

"గాలి గడియారం చూసుకోని వీస్తాదా సార్? ముప్పై ఒక్క సెకను, ముప్పై ఒక్క సెకను. ఒక్కటన్నా తప్పలేదు!"

"చెవితో విని లింకు రిపేరు చేస్తామా అమ్మా? పైన ఏం రాయమంటావు, ఆపరేటరమ్మ చెవికి వినపడింది అని రాయాల్నా?"

ఆయన ఫోను పెట్టేశాడు. సుకుమారికి కోపం రాలేదని కాదు. కానీ కోపం తెచ్చుకునే తీరిక కూడా లేకపోయింది. మధ్యాహ్నం రెండింటికి మళ్ళీ విన్నది. ఈసారి టిక్కు ముప్పై ఒక్క సెకన్లకు రాలేదు. ఇరవై ఆరుకే వచ్చింది! మళ్ళీ ఇరవై ఆరు. మళ్ళీ. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. కరెంటు పోయి ఏసీ ఆగి రెండు గంటలైంది. యంత్రం బాటరీల మీద నడుస్తోంది. గదిలో వేడి ముఖానికి కొడుతోంది. సాయంత్రం కరెంటు వచ్చి గది చల్లబడ్డాక లెక్క మెల్లగా మళ్ళీ ముప్పై ఒకటికి చేరింది.

టవరు బయట ఉంది. దానికి ఈ గదిలో ఏసీతో పనేముంది? తప్పు ఈ నాలుగు గోడల మధ్యే ఉంది. వేడెక్కితే వేగం మారే వస్తువేదో ఉంది.

ఇంటికి పోతూనే పాత నోటుపుస్తకాలు మంచం మీద పరిచింది. మూడో పుస్తకంలో దొరికింది. డిజిటల్ లింకులో మాట అలాగే పోదు. యంత్రం ఒక్కో మనిషి మాటను సెకనుకు ఎనిమిది వేలసార్లు తరిగి, ముప్పై మంది ముక్కలనూ వరసలో పేర్చి ఒకే ధారగా పంపుతుంది. అవతలి యంత్రం అదే వేగంతో ఆ ముక్కలు అందుకోవాలి. ఆ వేగాన్ని నడిపించేది ప్రతి ఎక్స్ఛేంజిలోనూ ఉండే ఒక చిన్న స్ఫటికం. దాన్ని క్లాకు అంటారు. రెండు క్లాకులూ ఒకే అడుగు వేయాలి. ఒకటి రవ్వంత వెనకబడినా అందుకోని ముక్కలు పేరుకుపోతాయి. నిండగానే యంత్రం ఒక వరసను పారేసి మళ్ళీ సర్దుకుంటుంది. దాన్నే స్లిప్పు అంటారు.

"అదే! అదే నా టిక్కు!" అని అరిచింది. వంటింట్లోంచి జోయల్ మాస్టారు ఏమైందోనని పరిగెత్తుకొచ్చాడు.

ఆమె గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పింది. ఆయనకు లెక్క అంటే చాలు. సుద్దముక్కతో గచ్చు మీదే మొదలుపెట్టాడు.

"సెకనుకు ఎనిమిది వేల వరసలు. ముప్పై ఒక్క సెకన్లకు ఒకటి తప్పుతా ఉండాది. ముప్పై ఒకటిని ఎనిమిది వేలతో గుణిస్తే రెండు లక్షల నలభై ఎనిమిది వేలు. అంటే ఇంచుమించు రెండున్నర లక్షల వరసలకు ఒక్కటి. మన గోడ గడియారం ఈ లెక్కన తప్పితే..." ఆగి, నవ్వాడు. "సుకుమారీ, మూడు రోజులకు ఒక్క సెకను తప్పినట్టు! అంతకంటే మంచి గడియారం ఈ ఊళ్ళో ఎవరింట్లో ఉండాది?"

"అంత మంచి గడియారమైనా చాల్లేదండీ. చెంచమ్మ గుండె గీత తెంపేసింది!"

మూడు రోజులకు ఒక సెకను. అంత చిన్న తేడాను తన చెవి పట్టుకుంది! ఒక్క సందేహం మిగిలింది. రెండు ఎక్స్ఛేంజిలకూ స్ఫటికాలు వేరువేరు. ఏ రెండూ అచ్చం ఒకేలా ఉండవు. మరి మిగతా ఊళ్ళలో ఎట్లా నడుస్తోంది? జవాబు అదే పేజీ అడుగున తన చేతిరాతలోనే ఉంది. చిన్న ఎక్స్ఛేంజి తన స్ఫటికాన్ని నమ్ముకోకూడదు. పెద్ద ఎక్స్ఛేంజి నుంచి వచ్చే ధారలోంచే అడుగు పట్టుకోవాలి.

పొద్దున్నే ఎక్స్ఛేంజి తెరిచి, లింకు కార్డు అనే సర్క్యూట్ పలక మీద టార్చి వేసి చూసింది. ఒక మూల గోరంత స్విచ్చు ఉంది. దానికి రెండు స్థానాలు: సొంత క్లాకు, లైను క్లాకు. అది సొంత క్లాకు వైపు ఉంది. మార్చిలో యంత్రాన్ని బిగించినప్పుడు రేడియో ఇంకా రాలేదు. అడుగు పట్టుకోవడానికి ధారే లేదు కాబట్టి, బిగించినవాళ్ళు పరీక్షల కోసం సొంత క్లాకు మీద నడిపి ఉంటారు. రేడియో వచ్చాక మార్చడం మరిచిపోయి ఉంటారు.

మాల్యాద్రి భుజం మీంచి తొంగి చూశాడు. "ఇంతేనా అక్కా? తిప్పేయ్!"

సుకుమారి చెయ్యి స్విచ్చు దగ్గరదాకా వెళ్ళి ఆగిపోయింది. "తప్పురా. తిప్పిన క్షణంలో ముప్పై లైన్లూ పడిపోవచ్చు. లింకు మళ్ళీ లేవకపోతే ఊరంతా మూగబోతాది. సారు ఉండాల."

"అసలు రెండు క్లాకులు కలవకపోతే అంత గొడవేందక్కా?"

"మీ ఇంట్లో ఇద్దరాడోళ్ళు ఒకే రోట్లో దంచడం చూసినావా? మా అమ్మ రాహేలమ్మ, పక్కింటి నాగులమ్మ సజ్జలు దంచేవాళ్ళు. ఒకరి రోకలి లేస్తే ఒకరిది పడాల. నాగులమ్మ వెంట్రుకంత తొందరపడితే ఏమవుతాది? పది పోట్లకు తెలీదు, ఇరవైకి తెలీదు. ఎప్పుడో ఒకసారి రెండు రోకళ్ళూ ఠక్కున కొట్టుకుంటాయి."

మాల్యాద్రి తల ఊపాడు. "అయితే ఒకరు ఇంకొకరిని చూసి దంచాల."

"అంతే!"

ఆమె మూడు రోజుల లెక్కలు ఒక కాగితం మీద బారుగా రాసింది. పొద్దున ఎంత, మధ్యాహ్నం ఎంత, గదిలో వేడి ఎంత. చివర స్విచ్చు సంగతి రాసింది. గురువారం బస్సు కండక్టరు చేతికిచ్చి ఆత్మకూరు పంపింది. శుక్రవారం మొదటి బస్సులో చంద్రశేఖరే దిగాడు. చేతిలో ఆ కాగితం నాలుగు మడతలు పడి ఉంది.

"రాత్రంతా నిద్ర లేదమ్మా నీ కాగితంతో," అన్నాడు వస్తూనే. "పెట్టు టెస్టు నంబరు."

ఆయన రిసీవరు చెవికి పెట్టుకున్నాడు. సుకుమారి గోడ గడియారం వైపు నిలబడి వేలెత్తింది. "ఇప్పుడు." ఆయన కనుబొమలు లేచాయి. ఆమె మళ్ళీ వేలెత్తింది. "ఇప్పుడు." అయిదుసార్లు అలా జరిగాక ఆయన రిసీవరు దించి నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"ఒకవేళ ఇది రేడియోదే అయితే?"

"ఏసీ ఆపండి సార్. గది వేడెక్కేకొద్దీ ఈ టిక్కు తొందరపడతాది. రేడియోకు ఆ జ్ఞానం ఉండదు."

ఏసీ ఆపారు. కిటికీలు మూసి ముగ్గురూ చెమటలు కక్కుతూ కూర్చున్నారు. గంటకు టిక్కు ఇరవై ఎనిమిది సెకన్లకు వచ్చింది. చంద్రశేఖర్ ఒక్క ఉదుటున లేచాడు. "నాయనా! నిజమేనమ్మా! పట్టుకున్నావు దొంగను!"

మధ్యాహ్నం ఒకటిన్నరకు, జనం అన్నాలు తినే వేళ చూసి, బూతుల వాళ్ళకు అయిదు నిమిషాలు ఆగమని కబురు పంపారు. చంద్రశేఖర్ ఆత్మకూరు స్టాఫును లింకుతో పనిలేని పాత తీగ లైను మీద సిద్ధంగా ఉంచి, స్విచ్చు వైపు చూపించాడు. "నువ్వే తిప్పు."

ఆమె గోటితో స్విచ్చు నెట్టింది. కార్డు మీద పచ్చ దీపం ఆరిపోయింది. ఎర్రది వెలిగింది. ఒకటి, రెండు, మూడు సెకన్లు. మాల్యాద్రి దేవుళ్ళ పేర్లన్నీ తలచుకుంటున్నాడు. ఎర్రది రెండుసార్లు మిణుకుమని ఆరి, పచ్చ దీపం వెలిగి నిలబడింది.

సుకుమారి టెస్టు నంబరు తిప్పింది. ఈల. ముప్పై ఒక్క సెకన్లు గడిచాయి. ఏమీ లేదు. అరవై. తొంభై. ఈల నూనె ధారలా సాగుతోంది. అయిదు నిమిషాలు. పది నిమిషాలు. చంద్రశేఖర్ రిసీవరు లాక్కుని తాను విన్నాడు, తర్వాత మాల్యాద్రి విన్నాడు, మళ్ళీ సుకుమారి లాక్కుంది. ఇరవై నిమిషాల తర్వాత ఆమె రిసీవరు పెట్టేసి, పెద్దగా నవ్వేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పోయింది సార్! లేనే లేదు!"

డాక్టర్ మల్లికార్జునకు కబురు వెళ్ళింది. ఆయన చెంచమ్మ పాత ఈసీజీనే మళ్ళీ నెల్లూరుకు పంపాడు. ఒకసారి కాదు, పదిసార్లు. అవతలి డాక్టరు పదో కాగితం తర్వాత ఫోన్ చేసి, "ఎన్నిసార్లు పంపుతారయ్యా, ఈమె గుండె భేషుగ్గా ఉంది," అన్నాడు. ఆ మాటను మల్లికార్జున ఎక్స్ఛేంజి గుమ్మంలో నిలబడి వీధంతా వినేట్టు చెప్పాడు.

మూడు వారాలకు అసలు పరీక్ష వచ్చింది. రామనారాయణ అనే రైతు వేరుశనగ చేలో గొర్రు తోలుతూ ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. ఆయన ఈసీజీ నిమిషంలో నెల్లూరు చేరింది. గీత ఎక్కడా తెగలేదు. గుండె డాక్టరు దాన్ని చూసి, ఏ మందు ఇవ్వాలో, ఎంత ఇవ్వాలో ఫోన్లోనే చెప్పి, జీపు ఎక్కించమన్నాడు. రామనారాయణ నెల తర్వాత ఇంటికి నడిచి వచ్చాడు. ఎక్స్ఛేంజికి ఒక గంప వేరుశనక్కాయలు తెచ్చి, "ఏందోనమ్మా, నువ్వు గడియారం సరిచేసినావంట, నేను బతికినానంట. నాకు అర్థం కాలా. కాయలు మాత్రం తీసుకో," అన్నాడు.

చంద్రశేఖర్ ఆమె లెక్కల కాగితాన్ని పై ఆఫీసుకు పంపాడు. 'సుకుమారి, టెక్నీషియన్, ఉదయగిరి, చెవితో విని కనిపెట్టినది' అని స్వయంగా పైన రాశాడు. ఆ తర్వాత చుట్టుపక్కల ఎక్కడ ఫాక్సు తెగినా ఆమెకే పిలుపు వచ్చేది. రెండు చోట్ల అదే స్విచ్చు అదే తప్పు వైపు దొరికింది.

1998 చివర్లో ఒక మండలంలో మాత్రం చిక్కు వేరుగా ఉంది. స్విచ్చు లైను క్లాకు వైపే ఉంది. అయినా టిక్కులు పడుతున్నాయి. పైగా లెక్క నిలకడగా లేదు. ఒకసారి నలభై, ఒకసారి పన్నెండు, ఒకసారి అయిదు నిమిషాలు. సుకుమారి రోజంతా ఈల వింది. మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేసింది.

"ఏమండీ, దొరికిందండీ! ఈ ఊరి ఎక్స్ఛేంజి పక్క ఊరి ఎక్స్ఛేంజిని చూసి అడుగేస్తా ఉండాది. ఫోను చేసి అడిగితే, పక్క ఊరిది కూడా ఈ ఊరిని చూసే అడుగేస్తా ఉండాది! ముందు నడిచేవాడే లేడు. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు తిరుగుతా, ఎటుపోతే అటు కొట్టుకుపోతా ఉండారు!"

"అయితే లెక్క నిలవదు," అన్నాడు జోయల్ మాస్టారు ఉత్సాహంగా. "ఎట్ట నిలుస్తాది, అడుగు పట్టుకోవడానికి పెద్ద క్లాకు ఒకటి లేకపోతే! ఎంతెంత వచ్చినాయో చెప్పు, రాసుకుంటా."

ఆమె అంకెలు చదివింది. ఆయన రాసుకున్నాడు.

"సరే గానీ, అన్నం తిన్నావా?"

"యాడ తినేది! పక్క ఊరికి పోయి ఆ చివర కూడా చూడాల. బయట జీపు కాచుకోనుండాది," అని ఆమె ఫోను పెట్టేసింది.